180వ రోజు ఎవరి డైరీలో ఉంది?

అరకు నుంచి పొద్దున్నే విశాఖ దిగాలంటే బస్సే నయమనిపించింది. మన రీల్స్‌లో తెగ కనిపించే ఆ అద్దాల బోగీ రైలు పొద్దున విశాఖలో బయల్దేరి పైకొస్తుంది, సాయంత్రం మళ్లీ కిందికి దిగుతుంది. టూరిస్టులకి సూపర్. పదిన్నరకల్లా విశాఖ కోర్టులో ఉండాల్సిన మనిషికి మాత్రం ఎందుకూ పనికిరాదు.

వీకెండ్ ట్రిప్ ముగించుకుని సోమవారం తెల్లవారుజామున నేను ఎక్కిన బస్సులో, నా పక్క సీట్లో ఒకావిడ కూర్చుంది. యాభై దాటి ఉంటాయి. అనంతగిరి ఘాట్ దిగుతుండగా నా ఒళ్లో ల్యాప్‌టాప్ బ్యాగు చూసి, కొంగులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఆధార్ జిరాక్సు, నాలుగు మడతలు పెట్టిన కాగితం. "బాబూ, సదువుకున్నోడివి కదా, ఇదేటి రాసుందో సూడు" అంది.

కాగితం మీద ఒక పోలీస్ స్టేషన్ పేరు, క్రైమ్ నంబరు, రిమాండ్ తేదీ. అంతే. కొడుకు అరిలోవ జైల్లో ఉన్నాడట. నాలుగు నెలలు దాటిందట. గంజాయి కేసు. "మూట మోసాడంట బాబూ." ఎవరో ప్లీడరుకి డబ్బులిచ్చారు, ఇప్పుడు ఆ ఫోన్ కలవడం లేదు.

నేను వెంటనే హీరోలా ఈ-కోర్ట్స్ యాప్ తెరిచాను. ఎఫ్ఐఆర్ నంబరుతో వెతికే ఆప్షన్ ఉంది కదా! స్టేషన్, నంబరు, సంవత్సరం కొట్టాను. రికార్డు లేదు. సిగ్నల్ వల్లేమోనని శృంగవరపుకోట దాటాక మళ్లీ కొట్టాను. లేదు. అదే చెప్పాను ఆవిడకి.

"అయితే కేసు లేనట్టేనా బాబూ?" అంది, ఆశగా.

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక ప్రొడక్షన్‌లో బగ్ వచ్చినట్టు రెండు వారాలు దీని మీదే కూర్చున్నా. తీర్పులు చదివా, స్కీమ్ కాగితాలు చదివా, తెలిసిన లాయర్ల బుర్ర తిన్నా. అర్థమైంది ఏంటంటే, యాప్‌లో కేసు కనపడకపోవడం బగ్ కాదు. పోలీసులు చార్జిషీటు వేసి, కోర్టు దానికి నంబరు ఇచ్చేదాకా చాలా కేసులు ఆ యాప్‌లో కనపడవు. మనిషి జైల్లో ఉంటాడు, కేసు మాత్రం స్క్రీన్ మీద ఉండదు. అతని హక్కులకి సంబంధించి అతి ముఖ్యమైన రోజులన్నీ ఈ ఖాళీలోనే గడిచిపోతాయి. వాటిని ఎవరో ఒకరు, ఏదో ఒక ఆఫీసులో, ఒక రిజిస్టర్లో లెక్కపెడుతూ ఉండాలి.

ఆ ఆఫీసు గురించే ఈ కథనం.

సర్కారే లాయర్ని పెడితే

సినిమాల్లో పేదవాడి తరఫున హీరో లాయరు ఫ్రీగా వాదిస్తాడు. నిజంలో దానికి ఒక చట్టం ఉంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, అమల్లోకి వచ్చింది 1995 నవంబర్ 9న. సెక్షన్ 12 ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా, మహిళలకి, పిల్లలకి, ఎస్సీ, ఎస్టీలకి ఉచితంగా లాయరు ఇవ్వాలి. ఎస్టీ అయితే ఆదాయం ఎంతన్నది అడగకూడదు. బస్సులో ఆవిడ కొడుక్కి రెండు రకాలుగా అర్హత ఉంది. ఆవిడకి ఆ సంగతి తెలీదు. నిజం చెప్పాలంటే బీటెక్ చదివిన నాకూ తెలీదు.

చాలాకాలం ఇది ప్యానెల్ పద్ధతిలో నడిచింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర లాయర్ల జాబితా ఉంటుంది. కేసు రాగానే ఒకరికి అప్పగిస్తారు, చిన్న ఫీజు ఇస్తారు. ఆ లాయరుకి సొంత ప్రాక్టీసూ ఉంటుంది. మనవాళ్లు ఫ్రీలాన్సర్ మీద సపోర్ట్ ప్రాజెక్టు నడిపినట్టు. మంచివాళ్లు దొరికితే అదృష్టం.

2022లో జాతీయ సంస్థ నల్సా ఈ పద్ధతి మార్చింది. లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ సిస్టమ్ అని పేరు. ప్రతి జిల్లాలో ఒక చీఫ్ డిఫెన్స్ కౌన్సెల్, ఆయన కింద డిప్యూటీలు, అసిస్టెంట్లు. ఫుల్‌టైమ్ పని, ప్రైవేటు ప్రాక్టీసు చేయకూడదు. చీఫ్‌కి కనీసం పదేళ్ల క్రిమినల్ ప్రాక్టీసు ఉండాలి. నిందితుల తరఫు క్రిమినల్ కేసులు మాత్రమే చూస్తారు. రిమాండ్ రోజు నుంచి అప్పీలు దాకా బాధ్యత వీళ్లదే. ఈ స్కీమ్‌లో నాకు బాగా నచ్చింది లాయర్ల సంఖ్య కాదు. అందులో ఆఫీసు అసిస్టెంట్లు, రిసెప్షనిస్టు కమ్ డేటా ఎంట్రీ ఆపరేటరు, అటెండరు కూడా పోస్టులుగా ఉన్నారు. అంటే మొదటిసారి డిఫెన్స్ అంటే ఒక మనిషి కాదు, ఒక ఆఫీసు అని ఒప్పుకున్నారన్నమాట.

ఇది అమెరికా పబ్లిక్ డిఫెండర్ పద్ధతికి దగ్గరి చుట్టం. అక్కడ 1963లో ఫ్లోరిడా జైలు నుంచి గిడియన్ అనే ఖైదీ పెన్సిల్‌తో రాసుకున్న అర్జీ మీద, పేద నిందితుడికి లాయర్ని ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. మన దగ్గర 1986లో సుఖ్‌దాస్ కేసులో మన సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. అదీ ఒక కొండ ప్రాంతం కేసే, అరుణాచల్ ప్రదేశ్‌ది. నిందితుడు అడగలేదు కాబట్టి లాయర్ని ఇవ్వలేదు అంటే కుదరదు, అతనికి ఆ హక్కు ఉందని తెలీకపోవచ్చు, కోర్టే చెప్పాలి అంటూ శిక్షనే కొట్టేసింది.

ఆఫ్ బై వన్

ఇప్పుడు అసలు విషయం. కోడింగ్ చేసేవాళ్లకి ఆఫ్ బై వన్ ఎర్రర్ తెలుసు. లూప్ సున్నా నుంచి మొదలెట్టాలా, ఒకటి నుంచా అన్న గొడవ. మన దగ్గర అయితే టెస్ట్ ఫెయిలవుతుంది, ఫిక్స్ చేస్తాం. గంజాయి కేసులో ఇదే తప్పు జరిగితే ఒక మనిషి ఏళ్ల తరబడి లోపలే ఉంటాడు.

గంజాయి 20 కిలోలు దాటితే దాన్ని వాణిజ్య పరిమాణం అంటారు. శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు. ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 37 వల్ల మామూలు బెయిలు దాదాపు రాదు. ఇతను నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని జడ్జి తృప్తి పడాలి, బయటికెళ్లి మళ్లీ నేరం చేయడనీ అనిపించాలి. రెండు మూటలు మోసి దొరికినవాడికి ఈ గుమ్మం దాటడం చాలా కష్టం. తోట వేయించినవాడు, లారీ పంపినవాడు ఎక్కడో ఉంటారు. దొరికేది మోసినవాడే. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో మన్యంలో వేల ఎకరాల తోటలు నరికేశారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. ఆ పొగ వీడియో మీరూ చూసే ఉంటారు. కేసులు మాత్రం ఆ పొగతో పోలేదు. విశాఖ సెంట్రల్ జైలు సామర్థ్యానికి మించి నిండిపోవడానికి ఈ కేసులే పెద్ద కారణం.

ఇలాంటి కేసులో మిగిలేది ఒక కిటికీ. పోలీసులు 180 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే, నిందితుడికి బెయిలు హక్కుగా వస్తుంది. డిఫాల్ట్ బెయిలు అంటారు. (తక్కువ పరిమాణం కేసుల్లో గడువు ఇంకా తక్కువ. ప్రాసిక్యూటర్ కారణాలు చూపించి అడిగితే కోర్టు 180ని ఏడాది దాకా పెంచొచ్చు కూడా. అడిగారా లేదా అన్నది చూసుకోవడమూ ఆఫీసు పనే.) కానీ ఈ హక్కు దానంతట అది రాదు. అడగాలి. అడిగేలోపు చార్జిషీటు పడిందా, కిటికీ మూసుకుపోతుంది.

ఎం. రవీంద్రన్ కేసు చూడండి. ఇదీ ఎన్‌డీపీఎస్ కేసే, చెన్నై వైపుది. 180 రోజులు నిండిన మర్నాడు పొద్దున్నే లాయరు బెయిలు పిటిషన్ వేశాడు. అదే రోజు సాయంత్రం దర్యాప్తు సంస్థ తన ఫిర్యాదు దాఖలు చేసింది. కింది కోర్టు బెయిలిస్తే హైకోర్టు రద్దు చేసింది. చివరికి 2020 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు బెయిలు నిలబెట్టింది, పొద్దున పడిన పిటిషనే ముందు కాబట్టి. కొన్ని గంటల తేడా. ఆ రోజు పొద్దున ఆ లాయరు ఆఫీసులో డైరీ తెరిచిన మనిషి ఎవరో గానీ, వాళ్లకి దండం పెట్టాలనిపించింది.

ఇక లెక్క ఎక్కడ మొదలెట్టాలి? అరెస్టు రోజు నుంచి కాదు, రిమాండ్ రోజు నుంచి అని 1986లోనే చాగంటి సత్యనారాయణ కేసులో తేలింది. అది మన ఆంధ్రప్రదేశ్ కేసే. రిమాండ్ రోజుని కూడా కలపాలా వద్దా అన్నది మాత్రం చాలా ఏళ్లు నలిగి నలిగి, 2023 మార్చిలో ముగ్గురు జడ్జీల బెంచ్ ముందు తేలింది. కలపాలి అన్నారు. అంటే మార్చి 10న రిమాండ్ అయితే, మార్చి 10 ఒకటో రోజు. 180వ రోజు సెప్టెంబర్ 5. సెప్టెంబర్ 6 పొద్దున కోర్టు తలుపు తీసేసరికి పిటిషన్ అక్కడ ఉండాలి. తమాషా ఏంటంటే ఎక్సెల్‌లో మార్చి 10కి 180 కలిపితే వచ్చేది సెప్టెంబర్ 6. ఫార్ములా అనుకోకుండా కరెక్టు రోజే చూపిస్తుంది. చేత్తో లెక్కపెట్టి, మొదటి రోజు వదిలేసినవాళ్లు ఏడో తారీకున వెళ్తారు. ఆరో తారీకు సాయంత్రం చార్జిషీటు పడి ఉంటే, ఇక అంతే.

ఇందులో ఏఐ ఏమీ అక్కర్లేదు. ఒక షీటు, రెండు రిమైండర్లు, రోజూ పొద్దున వాటిని చూసే మనిషి చాలు. ఆ మనిషి సెలవు పెట్టిన రోజు ఎవరు చూస్తారో ముందే రాసుంటే ఇంకా మంచిది. మన టీముల్లో ఆన్‌కాల్ రోటా పెట్టుకుంటాం కదా, అలా.

సూర్యుడు, పులి, గద్ద

అరకు వైపు ఇంటిపేర్లు అందంగా ఉంటాయి. కొర్రా అంటే సూర్యుడు, కిల్లో అంటే పులి, పాంగి అంటే గద్ద. ఒక్కో ఇంటిపేరుతో ఊళ్లకి ఊళ్లే ఉంటాయి. ఒకే మండలంలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు పదిమంది దొరికినా ఆశ్చర్యం లేదు. అదే పేరు స్టేషన్లో ఒకలా, జైలు సాఫ్ట్‌వేర్‌లో ఇంకోలా, కోర్టు రికార్డులో మరోలా ఇంగ్లిష్ స్పెల్లింగుల్లో ఎక్కుతుంది. వంతాల అన్న పేరునే 'హెచ్'తో రాయొచ్చు, లేకుండా రాయొచ్చు. సెర్చ్‌లో ఒకటి కొడితే రెండోది రాదు. డేటాబేస్ పనిచేసినవాళ్లకి ఈ నొప్పి తెలుసు. పేరుని ప్రైమరీ కీగా వాడకూడదని ఫస్ట్ ఇయర్లోనే చెప్తారు.

కేసుకి కోర్టు నంబరు పడ్డాక పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ ఉంటుంది, గొడవ లేదు. అంతకుముందు మాత్రం స్టేషన్, క్రైమ్ నంబరు, సంవత్సరం, తండ్రి పేరు, ఊరు కలిపి పట్టుకోవాలి. డిఫెన్స్ ఆఫీసులో డేటా ఎంట్రీ చేసే అమ్మాయో అబ్బాయో ఈ ఐదూ మొదటి రోజే సరిగ్గా రాసుకుంటే, జైలు జాబితాతో తమ జాబితాని వారానికోసారి పోల్చి చూసుకోవచ్చు. రెండింటిలో ఒకదాన్లోనే ఉన్న పేరు కనిపిస్తే అది అలారం. లోపల ఒక మనిషి ఉన్నాడు, అతని ఫైలు బయట లేదన్నమాట.

వయసు సంగతి దీనికంటే పెద్దది. కొండ మీద చాలామంది ఆధార్లలో పుట్టినరోజు జనవరి 1. నమోదు చేసినవాళ్లు ఏడాది అడిగి, మిగతాది వాళ్లే నింపేశారు. ఆ ఏడాది కూడా అందాజుగా చెప్పిందే. ఇప్పుడు ఆలోచించండి. మూట మోసిన కుర్రాడికి కార్డు ప్రకారం పద్దెనిమిదిన్నర, నిజంగా పదిహేడు. కార్డు నమ్మితే అతను సెంట్రల్ జైల్లో. నిజం తేలితే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి, అబ్జర్వేషన్ హోమ్‌కి. ఇరవై ఏళ్ల శిక్ష భయం తగ్గొచ్చు.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94 వయసు ఎలా తేల్చాలో వరుసగా చెప్తుంది. మొదట స్కూలు ఇచ్చే పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా టెన్త్ సర్టిఫికెట్. అది లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చేది. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ వరుసలో ఆధార్ లేదు. ఏజెన్సీలో చాలామంది పిల్లలు చదివేది ఆశ్రమ పాఠశాలల్లో. అక్కడ అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. అంటే ఒక ఆఫీసు అసిస్టెంటు, "బాబూ, ఏ స్కూల్లో చదివావ్? ఏ క్లాసు దాకా?" అని అడిగి, హెడ్‌మాస్టరు గారికి ఒక ఫోన్, ఒక లెటర్ పెడితే ఒక పిల్లాడి జీవితం వేరే దారిలో వెళ్లొచ్చు. కోర్టులో గొప్పగా వాదించడం తర్వాత సంగతి. ఈ ప్రశ్న ఇంటేక్ ఫారంలో ఉందా లేదా అన్నది ముందు సంగతి. ఆలస్యమైనా ఫర్వాలేదు, మైనరునని ఏ దశలోనైనా, ఏ కోర్టులోనైనా చెప్పుకోవచ్చని అదే చట్టం అంటుంది. కానీ ఆ ఆలస్యం ఎవరు మోస్తారు?

భాష గురించీ చెప్పాలి. అరకు, పాడేరు వైపు కువి, ఆదివాసీ ఒడియా, గదబ ఇళ్లలో మాట్లాడుకుంటారు. సంతలో తెలుగు బాగానే వస్తుంది. "నీ దగ్గర స్వాధీనం చేసుకున్న పంచనామా మీద నువ్వే సంతకం పెట్టావా?" అన్న తెలుగు అర్థం కావడం మాత్రం నాకే కష్టం. అక్కడ భాష తెలిసిన మనిషి ఒక కానిస్టేబులే అయితే, అతని ముందు నిందితుడు ఏం చెప్తాడు? అందుకే ఊళ్లలో పనిచేసే పారా లీగల్ వాలంటీర్లలో ఎవరికి ఏ భాష వచ్చో ఒక జాబితా ఈ ఆఫీసు గోడ మీద ఉండాలి.

బెయిలొచ్చింది, మనిషి రాలేదు

బెయిలు ఆర్డరు వచ్చాక కూడా నెలల తరబడి లోపలే ఉండిపోయేవాళ్లు ఉంటారని నాకు తెలీదు. జామీను ఇవ్వడానికి ఇద్దరు కావాలి, వాళ్ల ఆస్తి పత్రాలు కావాలి. కొండ మీద చాలామంది చేతిలో ఉన్నది అటవీ హక్కుల పట్టా. వారసత్వంగా వస్తుంది తప్ప అమ్మడానికి, బదలాయించడానికి వీల్లేని భూమి. దాంతో జామీను ఎలా అన్నది మొదటి చిక్కు. విశాఖ దాకా వచ్చి పూచీ పడటానికి రోజు కూలీ మానుకుని వచ్చే ఇద్దరు మనుషులు దొరకడం రెండోది.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు దీని మీద సూచనలిచ్చింది. బెయిలు ఆర్డరు కాపీని అదే రోజు లేదా మర్నాడు జైలుకి ఈమెయిల్ చేయాలి. ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. నెలలోపు జామీను ఇవ్వలేకపోతే, షరతులు మార్చాలేమో కోర్టే చూడొచ్చు. చదవడానికి చక్కటి వర్క్‌ఫ్లో. కానీ ఏడో రోజు ఆ ఈమెయిల్ వస్తే దాన్ని తెరిచి, ఫైలు తీసి, ఊరికి కబురు పెట్టే మనిషి లేకపోతే అది అన్‌రీడ్ మెయిలే.

కేంద్రం 2023లో పేద ఖైదీల సాయం పథకం పెట్టింది. జామీను డబ్బు కట్టలేని విచారణ ఖైదీకి అప్పట్లో 40 వేల రూపాయల దాకా ఇస్తామన్నారు. ఆశపడి కింద దాకా చదివితే, ఎన్‌డీపీఎస్ కేసులవాళ్లకి వర్తించదు అని ఉంది. మన్యానికి ఎక్కువగా కావాల్సిన చోటే ఆ తలుపు మూసుంది. గంజాయి రాజాలకి ప్రభుత్వ డబ్బు ఇవ్వకూడదన్న ఆలోచన నాకు అర్థమవుతుంది. 40 వేలు లేక లోపలున్నవాడు రాజా ఎలా అవుతాడన్నదే అర్థం కాదు.

ఇదంతా చేయాల్సిన లాయర్ల మీద ఎంత బరువుండాలి? అమెరికాలో 1973లో ఒక కొలత పెట్టారు. ఒక పబ్లిక్ డిఫెండరు ఏడాదికి 150 పెద్ద నేరాల కేసులకి మించి తీసుకోకూడదని. అది కూడా చాలా ఎక్కువని 2023లో మళ్లీ అధ్యయనం చేసి చెప్పారు. చీఫ్ డిఫెన్స్ కౌన్సెల్ కుర్చీలో కూర్చున్నవారి అసలు కష్టం ఇదేనేమో. కోర్టు అప్పగించిన కేసు వద్దనలేరు. అలాగని ఒక్కో అసిస్టెంటుకి వందలు వందలు ఇస్తే ఎవరి 180వ రోజో జారిపోతుంది. పైగా ఉద్యోగాలు కాంట్రాక్టువి. మూడేళ్లు ఒక కేసు చూసిన లాయరు వెళ్లిపోతే, ఫైల్లో రాసుందే మిగులుతుంది. హ్యాండోవర్ డాక్యుమెంట్ లేకుండా ప్రాజెక్టు వదిలేసిపోయిన సీనియర్ని తిట్టుకున్నవాళ్లకి ఈ బాధ ఇంకోలా అర్థమవుతుంది.

కొండకి తగ్గట్టు మార్చుకోవాల్సినవి చిన్నవే. ఫారంలో ఫోన్ నంబరు గడి ఒక్కటే ఉంటే చాలదు. ఆ ఫోన్ ఎవరిది, ఏ టైములో సిగ్నల్ దొరుకుతుంది, ఏ గ్రామ సచివాలయానికి కబురు పెట్టాలి, ఏ సంతకి వస్తారు అన్న గడులూ ఉండాలి. సంత వారానికొక్క రోజు. మిరియాలో, చింతపండో అమ్ముకుని నూనె, ఉప్పు కొనుక్కునేది ఆ రోజే. కబురు అందేదీ ఆ రోజే. వాయిదా సంత రోజు పడిందంటే ఇంటివాళ్లు రెండింట్లో ఒకటి వదులుకోవాలి. కోర్టు వాయిదాలు ఆఫీసు చేతిలో ఉండవు నిజమే. జైలు ములాఖత్‌కి, సంతకాలకి రమ్మని చెప్పే రోజులు మాత్రం ఉంటాయి.

బస్సు విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ చేరేసరికి పది కావస్తోంది. ఆ రోజు నాకు ఇవేవీ తెలీవు. గూగుల్ చేసి 15100 అన్న హెల్ప్‌లైన్ నంబరు చూసి, కాగితం వెనక పెద్ద అంకెలతో రాసిచ్చాను. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుంది, అక్కడ ఈ కాగితం చూపించమ్మా అన్నాను. ఆవిడ నంబరు తీసుకున్నాను. ఆవిడది కాదు, ఆవిడ మేనల్లుడిది.

రెండు వారాల తర్వాత, ఇవన్నీ చదివాక, ఆ రిమాండ్ తేదీకి 180 కలిపి చూశాను. ఇంకా టైముంది. మేనల్లుడికి ఫోన్ చేస్తే నాలుగోసారి కలిసింది. ఆవిడకి ఇచ్చాడు. కోర్టు ఆఫీసుకి వెళ్లిందట, కాగితాలు రాసుకున్నారట, ఒక లాయరమ్మ జైల్లో కొడుకుని కలిసిందట. నేను తేదీ చెప్పి, అది ఆ లాయరమ్మకి గుర్తు చేయమన్నాను.

అవతల కాసేపు మాట లేదు. వేళ్ల మీద లెక్కపెడుతున్నట్టుంది.

"ఆ రోజు మా సంత బాబూ" అంది. "అయినా ఎల్తాన్లే."